ప్రెసిడెంట్ సంతకం పెడితే అయిపోయినట్టేనా? అమెరికాలో హక్కులపై అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో లాయరుగా ఇమిగ్రేషన్ కేసులు, పౌరహక్కుల కేసులు చూస్తుంటాను. ఈమధ్య ఆఫీసుకు వచ్చే తెలుగువాళ్లలో రెండు రకాలు కనిపిస్తున్నారు. "ఇది అమెరికా అండీ, చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అని ధీమాగా ఉండేవాళ్లు కొందరు. "అంతా అయిపోయింది, ఇక్కడ డెమోక్రసీ లేదు, గాడిద గుడ్డూ లేదు" అని చేతులెత్తేసేవాళ్లు కొందరు. చిత్రమేమిటంటే ప్రభుత్వం నుంచి కవరు వస్తే ఇద్దరూ దాన్ని చించకుండా ఫ్రిజ్ మీద పెడతారు, నెల దాటాక నా దగ్గరికి తెస్తారు. రోజూ వినే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇది అందరికీ పనికొచ్చే సమాచారం మాత్రమే. మీ కేసు సంగతి మీ లాయరుతోనే మాట్లాడండి.

అపోహ: ప్రెసిడెంట్ సంతకం పెడితే అదే చట్టం.

వాస్తవం: ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే ప్రెసిడెంట్ తన కింది శాఖలకు ఇచ్చే ఆదేశం. దానికి బలం రాజ్యాంగం నుంచైనా రావాలి, కాంగ్రెస్ చేసిన చట్టం నుంచైనా రావాలి. 1952లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, ఉక్కు కార్మికులు సమ్మెకు దిగబోతున్నారని ప్రెసిడెంట్ ట్రూమన్ మిల్లుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నారు. రెండు నెలలు తిరగకముందే సుప్రీంకోర్టు ఆయనకు ఆ అధికారం లేదని 6-3తో తేల్చింది. ఆయన మిల్లులు వెనక్కి ఇచ్చేశారు. 2023లో బైడెన్ దాదాపు 40 వేల కోట్ల డాలర్ల స్టూడెంట్ లోన్లు మాఫీ చేయబోతే అక్కడా 6-3తోనే అడ్డుపడింది. హద్దు దాటే అలవాటు ఒక్క పార్టీ సొత్తు కాదని చెప్పడానికే ఈ రెండూ. వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట అంటే రెండు వైపుల నుంచీ తిట్లు పడతాయి, అది వేరే సంగతి.

మనవాళ్ల గుండెలు జారిపోయిన ఆర్డర్ 2025 జనవరి 20న ట్రంప్ సంతకంతో వచ్చింది. తల్లి హెచ్‌-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే, ఇక్కడ పుట్టే బిడ్డ పుట్టుకతో పౌరుడు కాదన్నది దాని సారాంశం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అమెరికా పౌరుడేనని సుప్రీంకోర్టు 1898లోనే చెప్పింది. ట్రంప్ ఆర్డర్ వచ్చిన మూడో రోజుకల్లా సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి, అదీ రిపబ్లికన్ ప్రెసిడెంట్ రీగన్ నియమించిన జడ్జి, ఇది స్పష్టంగా రాజ్యాంగ విరుద్ధమని స్టే ఇచ్చారు.

అక్కడితో కథ అయిపోలేదు. జూన్ 27న సుప్రీంకోర్టు ఆర్డర్ మంచిచెడ్డల జోలికి పోకుండా, ఒక జిల్లా జడ్జి కేసు వేయనివాళ్లకు కూడా కలిపి దేశమంతటికీ స్టే ఇవ్వడం సాధారణంగా కుదరదంది. దాంతో "స్టే ఉందా?" అన్న ప్రశ్న పోయి "ఏ రాష్ట్రంలో ఉంది, ఎవరికి ఉంది?" అన్న ప్రశ్న వచ్చింది. ఆ వారం టెక్సాస్ నుంచి మా బంధువుల అమ్మాయి, ఏడో నెల, ఫోన్ చేసింది. "బాబాయ్, పురిటికి న్యూజెర్సీ వచ్చెయ్యమంటారా?" అని. కేసు వేసిన రాష్ట్రాల్లో మాది ఒకటి, వాళ్లది కాదు. పురిటికి పుట్టింటికి వెళ్లడం తెలుసు గానీ స్టే ఉన్న రాష్ట్రానికి వెళ్లడం నేను అప్పుడే విన్నాను. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో ఇంకో జడ్జి ఆ ఆర్డర్ దెబ్బ తగిలే పిల్లలందరినీ ఒక వర్గంగా కలిపి క్లాస్ యాక్షన్ కింద ఆర్డర్‌ను మళ్లీ ఆపారు. మధ్యలో రెండు వారాలు. ఆ రెండు వారాలూ మా బంధువుల అమ్మాయి సరిగా నిద్రపోలేదు.

కోర్టు ఆపుతుందా లేదా అన్నదాని కంటే, ఆపేలోపు మన పరిస్థితి ఏమిటన్నదే నా దగ్గరికి వచ్చే కేసుల్లో అసలు ప్రశ్న. ఈ సందులోనే ప్రభుత్వానికి బలం ఎక్కువ.

అపోహ: రాజ్యాంగ హక్కులు సిటిజన్లకే. సిటిజన్‌షిప్ వస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: రెండు సగాలూ తప్పే. రాజ్యాంగం అయిదో సవరణ, పద్నాలుగో సవరణలోని డ్యూ ప్రాసెస్ (చట్టబద్ధమైన పద్ధతి పాటించకుండా ఎవరి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదన్న) మాటల్లో ఉన్న పదం "వ్యక్తి". 1880లలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చెక్క భవనాల్లో లాండ్రీలు నడపడానికి చైనీయులకు తప్ప మిగతావాళ్లకు దాదాపు అందరికీ అనుమతులు ఇచ్చింది. 1886లో యిక్ వో అనే కేసులో సుప్రీంకోర్టు, పౌరులు కానివాళ్లకూ సమాన రక్షణ ఉందని, అనుమతి లేకుండా లాండ్రీ నడిపారని చైనీయులకు వేసిన శిక్షల్ని కొట్టేసింది. ఓటు లాంటివి కొన్నే పౌరులకు ప్రత్యేకం.

ఇక రెండో సగం. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఆర్డర్ మీద సంతకం పెట్టారు. దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలారు. వాళ్లలో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టిన పౌరులు. 1944లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం వైపే నిలబడింది. బతికున్నవాళ్లకు క్షమాపణ, తలకు 20,000 డాలర్లు ఇస్తూ చట్టం వచ్చింది 1988లో. ఆ తీర్పు ఘోరమైన తప్పని సుప్రీంకోర్టు తన నోటితో అన్నది 2018లో.

మన దేశంవాళ్ల కథా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం "తెల్లవాడు" కాదన్నదే కారణం. అప్పటికే సిటిజన్లయిన ఎందరో భారతీయుల కాగితాలు ఆ తీర్పు చూపించి లాక్కున్నారు. 1946లో గానీ చట్టం మారలేదు. మా న్యూజెర్సీ ఎడిసన్‌లో పుట్టి పెరిగిన మన పిల్లల్ని ఈ పేరు అడిగి చూడండి, భగత్ సింగ్ అంటే ఉరి గురించి చెబుతారు.

అపోహ: ఫేస్‌బుక్‌లో, ఎక్స్‌లో ఏం రాసినా మొదటి సవరణ (మాట్లాడే స్వేచ్ఛకు రాజ్యాంగం ఇచ్చే హామీ) కాపాడుతుంది.

వాస్తవం: మీరు ఎక్కడ నిలబడి ఉన్నారన్నదాన్ని బట్టి. అమెరికా గడ్డ మీద ఉన్న విదేశీయులకు కూడా మాట్లాడే హక్కు ఉందని కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. కానీ 2025 మార్చిలో బోస్టన్ దగ్గర ఒక విదేశీ పీహెచ్‌డీ విద్యార్థినిని ముసుగులేసుకున్న అధికారులు వీధిలోనే పట్టుకుని లూసియానా నిర్బంధ కేంద్రానికి తరలించారు. అంతకు ఏడాది ముందు కాలేజీ పత్రికలో ఆమె మరికొందరితో కలిసి రాసిన వ్యాసమే కారణమని ఆమె లాయర్లు వాదించారు. జడ్జి విడుదల చేశారు, ఆరు వారాల తర్వాత.

హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్‌కు వెళ్లినవాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 (వాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) వాళ్లు కూడా సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టాలన్నారు. అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. కాన్సులేట్ అధికారి వీసా ఇవ్వనంటే ఆ నిర్ణయాన్ని మామూలుగా అమెరికా కోర్టులు తిరగదోడవు, 2024లో సుప్రీంకోర్టు ఇదే మాట మరోసారి గట్టిగా చెప్పింది. అంటే డాలస్‌లో కూర్చుని రాసిన పోస్టుకు ఉన్న రక్షణ, మీరు శంషాబాద్‌లో విమానం దిగేసరికి చాలావరకు కరిగిపోయి ఉంటుంది. రాయొద్దని నేను ఎవరికీ చెప్పను. టికెట్ బుక్ చేసేముందు ఆలోచించమంటాను. పాత పోస్టులు హడావుడిగా తుడిచేయడం, ఫారంలో ఖాతాలు దాచడం మాత్రం అసలుకే మోసం తెస్తాయి.

అపోహ: ఇంటికి అధికారులు వారెంట్ పట్టుకొస్తే తలుపు తీయాల్సిందే.

వాస్తవం: ఏ వారెంటు? కోర్టు జడ్జి సంతకం ఉన్నది ఒక రకం. ఐ-200, ఐ-205 అనే ఫారాలు ఇమిగ్రేషన్ శాఖ అధికారులే సంతకం పెట్టుకునేవి. ఇంట్లోకి వచ్చి అరెస్టు చేయాలంటే మామూలుగా వారెంట్ ఉండాలని 1980లో సుప్రీంకోర్టు ఒక న్యూయార్క్ కేసులో చెప్పింది. జడ్జి చూడని కాగితంతో, మీ ఒప్పుకోలు లేకుండా గుమ్మం దాటకూడదన్నది మా వాదన. కాబట్టి తలుపు తీయకుండానే "కాగితం కింద నుంచి తొయ్యండి" అనొచ్చు, పైన కోర్టు పేరు, కింద జడ్జి సంతకం ఉన్నాయేమో చూడొచ్చు. బలవంతంగా లోపలికి వస్తే మాత్రం తోపులాటకు దిగవద్దు. "నేను ఒప్పుకోవడం లేదు" అని నోటితో చెప్పండి, టైమ్ రాసుకోండి. ఆ మాట కోర్టులో పనికొస్తుంది, చేయి చేసుకుంటే మీ మీదే కేసు.

పౌరులు కానివాళ్లు 18 ఏళ్లు దాటితే గ్రీన్ కార్డు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) లాంటి కాగితం వెంట ఉంచుకోవాలని దశాబ్దాల నాటి చట్టమే ఉంది. "ఒరిజినల్ పోతుందేమోనని లాకర్‌లో పెట్టానండీ" అనేవాళ్లు మనలో ఎక్కువ.

ఫోన్ సంగతి: అరెస్టు చేసినంత మాత్రాన పోలీసులు వారెంట్ లేకుండా మీ ఫోన్ వెతకకూడదని 2014లో తొమ్మిది మంది జడ్జిలూ ఏకమై చెప్పారు. ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆ కవచం పలుచన. పాస్‌వర్డ్ చెప్పనంటే పౌరుణ్ణి దేశంలోకి రానివ్వకుండా ఆపలేరు గానీ ఫోన్ ఉంచేసుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లనైతే అటునుంచటే వెనక్కి పంపొచ్చు.

అపోహ: ఎమర్జెన్సీ పెట్టి ఎన్నికలు ఆపేస్తారు.

వాస్తవం: ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. 1975లో మన దేశంలో ఎమర్జెన్సీ పెట్టాక లోక్‌సభ గడువునే పొడిగించారు. ఇక్కడ ఆ పదానికి అర్థం వేరు. ఇక్కడి ఎమర్జెన్సీ, కాంగ్రెస్ ముందే రాసిపెట్టిన కొన్ని ప్రత్యేక అధికారాలకు తాళం తీస్తుంది. ఇరాన్ విషయంలో 1979 నవంబరులో ప్రకటించినదాన్ని ఏటేటా పొడిగిస్తూ వచ్చారు, ఎవరికీ గుర్తు కూడా ఉండదు. అలా పేరుకుపోవడం మంచిది కాదు, కానీ వాటిలో ఎన్నికలు వాయిదా వేసే అధికారం లేదు. పోలింగ్ తేదీ 1845 నాటి చట్టంలో ఉంది. అంతర్యుద్ధం మధ్యలో, 1864లో కూడా ఎన్నిక జరిగింది. ఇరవయ్యో సవరణ ప్రకారం ప్రెసిడెంట్ పదవీకాలం జనవరి 20 మధ్యాహ్నానికి దానంతటదే ముగుస్తుంది. పోలింగ్ నడిపేది రాష్ట్రాలు, కౌంటీలు.

నాకు దిగులు కలిగించేది నియోజకవర్గాల సరిహద్దు గీతలు. 2025లో టెక్సాస్ జనాభా లెక్కల కోసం ఆగకుండా మధ్యలోనే గీతలు మార్చింది. బదులుగా కాలిఫోర్నియా నవంబరులో ఓటర్ల ఆమోదంతో తనవి మార్చుకుంది. పార్టీ లాభం కోసం గీశారన్న ఫిర్యాదును ఫెడరల్ కోర్టులు వినవని 2019లోనే సుప్రీంకోర్టు 5-4తో తలుపు మూసేసింది.

ఇంకొక్క మాట. గ్రీన్ కార్డువాళ్లు డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరుగా నమోదు చేయమనే గడిలో పొరపాటున కూడా టిక్ పెట్టకండి. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఈ ఒక్క టిక్ దగ్గర చిక్కుకుపోవడం చూశాను.

అపోహ: అధికారి తప్పు చేస్తే కేసేసి మిలియన్లు రాబట్టొచ్చు.

వాస్తవం: సినిమాల్లో. రాష్ట్ర, నగర పోలీసుల మీద 1871 నాటి చట్టం కింద కేసు వేయొచ్చు గానీ, అచ్చం అలాంటి పని తప్పని అంతకుముందే ఏదో కోర్టు చెప్పి ఉండాలంటూ వాళ్లకు రక్షణ కల్పించే సిద్ధాంతం ఒకటి అడ్డొస్తుంది. ఫెడరల్ అధికారి మీద నేరుగా నష్టపరిహారం కేసుకు 1971లో తెరిచిన దారిని సుప్రీంకోర్టు తర్వాత దాదాపు మూసేసింది. మిగిలింది ప్రభుత్వం మీద వేసే టోర్ట్ క్లెయిమ్, అంటే ఉద్యోగి తప్పు వల్ల జరిగిన నష్టానికి పరిహారం అడగడం. ముందు ఆ శాఖకే, ఎంత డబ్బో అంకె వేసి, రాతపూర్వకంగా పంపాలి. స్టాండర్డ్ ఫారం 95 అని ఉంటుంది. గడువు రెండేళ్లు. శాఖ కాదన్నాక కోర్టుకు వెళ్లడానికి ఆరు నెలలు.

కోర్టు దాకా వెళ్లకుండా అయ్యే పనులూ ఉన్నాయి. సమాచార చట్టం కింద మీ ఫైలు మీరే అడగొచ్చు. మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ఆగిపోయిన కేసుల గురించి శాఖలకు రాస్తుంది, దానికి మీకు ఓటు ఉండనక్కర్లేదు, ఒక అనుమతి ఫారం నింపితే చాలు.

పోయిన ఏడాది ఒకాయన వచ్చాడు. ఒక తనిఖీలో భుజం విరిగింది, ఎక్స్‌రేలు ఉన్నాయి, పక్కనున్న దుకాణం వీడియో కూడా ఉంది. "అప్పుడే రావాల్సింది కదండీ" అన్నాను. "గ్రీన్ కార్డు వచ్చాక చూద్దాంలే అనుకున్నాను సార్" అన్నాడు. క్యాలెండర్ తీసి లెక్కపెట్టాం. రెండేళ్లు దాటి పదకొండు రోజులు.