పులిపిరి వైరస్ ఎక్కే రైలు

"తమ్ముడూ, పెద్దాడి వేళ్ళ మీదున్న పులిపిర్లు ఇప్పుడు చిన్నాడి మోకాలికీ వచ్చాయి, స్కూల్లో వీళ్ళని విడిగా కూర్చోబెడుతున్నారు, అంత ప్రమాదమా?" అని పర్లాకిమిడి నుంచి మా అక్క ఫోన్ చేసింది. ప్రమాదం కాదు, కానీ అంటుకునేదే. పులిపిర్లు తెచ్చేది హ్యూమన్ పాపిల్లోమా వైరస్, దాంట్లో 200కు పైగా రకాలున్నాయి, వేళ్ళ మీద వచ్చేవి వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేవి వేరు. ఆ పేరు నెట్‌లో చూసి టెన్షన్ పడొద్దు.

నన్ను ఆశ్చర్యపరిచేది ఈ వైరస్ ప్రయాణం. మన చర్మాన్ని పలాసలో బయల్దేరే రైలు అనుకోండి. అట్టడుగు పొరలో కణం పుడుతుంది, పైకి జరుగుతూ జరుగుతూ నెల రోజులకి అటూ ఇటుగా చచ్చి పొట్టులా రాలిపోతుంది. ఈ వైరస్ ఎక్కగలిగేది పలాసలోనే, అంటే అడుగు పొరలోనే. అందుకే చర్మం బాగుంటే దారి దొరకదు, గీరుకున్న మోకాలు, కొరికిన గోరు, ఏట్లో గంటలకొద్దీ నాని మెత్తబడిన పాదం కావాలి. ఎక్కాక అక్కడ నోరు మెదపదు, తన డీఎన్ఏకి కొద్దిపాటి నకళ్ళే తీస్తుంది, ఎందుకంటే రక్తనాళాలు, వాటి వెంట తిరిగే రోగనిరోధక కణాలు ఆ స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంటాయి. పైకి వెళ్ళాక, కాపలా పలచబడ్డాక, నకళ్ళు వేలల్లోకి పెరుగుతాయి, ప్రోటీన్ తొడుగు తయారయ్యేది మాత్రం చివరి పొరల్లోనే. కణాన్ని పగలగొట్టదు, రక్తంలోకి పోదు, జ్వరం తేదు. కణం తనంతట తాను రాలేటప్పుడు దాంతో పాటే దిగిపోతుంది, తువ్వాలు మీదకో, చాప మీదకో, తమ్ముడి మోకాలి మీదకో. కొవ్వు పొర లేని వైరస్ కాబట్టి ఎండినా తట్టుకుంటుంది, శానిటైజర్‌కి సులువుగా లొంగదు. అంటుకున్నాక పులిపిరి కనబడటానికి నెలలు పట్టొచ్చు.

నెదర్లాండ్స్‌లో ప్రాథమిక పాఠశాలల పిల్లల్ని గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో ఎవరికైనా ఉన్నప్పుడు, తరగతిలో ఎక్కువమందికి ఉన్నప్పుడు పిల్లలకి వచ్చే అవకాశం పెరిగిందని తేలింది. అంటే స్కూల్లో విడిగా కూర్చోబెట్టి, ఇంటికొచ్చాక ఇద్దరికీ ఒకే తువ్వాలు ఇస్తే లాభమేముంది? పులిపిరి మీద ప్లాస్టర్ వేయండి, గోళ్ళు కొరకనివ్వకండి, ఎవరి తువ్వాలు వాళ్ళకివ్వండి, పిల్లాడిని మాత్రం స్నేహితుల పక్కనే కూర్చోనివ్వండి. జీడిరసం పూయొద్దు, అది చర్మాన్ని కాలుస్తుంది. సాలిసిలిక్ ఆమ్లం మందు కొన్ని వారాలు ఓపిగ్గా రాస్తే చాలామందికి పనిచేస్తుంది.

"మరి ఇప్పుడు నాకెందుకు అంటుకోలేదు?" అంది ఫోన్ పక్కనే ఉన్న మా అమ్మ. చిన్నప్పుడు ఆవిడకీ ఉండేవట, గుర్రపు వెంట్రుక కడితే రాలిపోయాయట. పిల్లల్లో చాలావరకు రెండేళ్ళలోపు వాటంతటవే పోతాయి, ఆలస్యంగానైనా శరీరం ఆ వైరస్‌ని గుర్తుపడుతుంది. మా అమ్మ విషయంలోనూ అదే జరిగి ఉండొచ్చు, వెంట్రుక కట్టిన రోజులు ఆ సమయంతో కలిశాయి.