నెలలు నిండని బిడ్డకు గజ్జల హెర్నియా: ఇంటికి పంపేముందా, 55 వారాలు దాటాకా?

ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్న బిడ్డకు గజ్జల్లో ఉబ్బు, అంటే పేగు జారి వచ్చే హెర్నియా, కనిపిస్తే ఇంటికి పంపేలోపే ఆపరేషన్ చేయాలా, ఆగాలా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. 2024 మార్చిలో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనమే దీనికి మూలమని చాలామంది అనుకుంటున్నారు. అసలు మలుపు 1995లో వచ్చింది, తిప్పినవారు మత్తు డాక్టర్లు.

మత్తు డాక్టర్ కోటే బృందం అప్పట్లో ఎనిమిది అధ్యయనాల నుంచి 255 మంది శిశువుల వివరాలు ఒకచోట చేర్చింది. అందరికీ జరిగింది హెర్నియా ఆపరేషనే. బిడ్డ ఎంత ముందుగా పుడితే, ఆపరేషన్ నాటికి ఎంత చిన్నదైతే, తర్వాత ఊపిరి ఆగిపోయే ముప్పు అంత ఎక్కువని తేలింది. ఇక్కడ వయసంటే గర్భంలో గడిపిన వారాలు, పుట్టాక గడిచిన వారాలు కలిపి. 28 వారాలకు పుట్టి 12 వారాలైతే 40. ముప్పు ఒక శాతం లోపుకు దిగాలంటే 35 వారాలకు పుట్టిన బిడ్డకు 54, 32కే పుడితే 56 వారాలు రావాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 30 లోపుంటే ఈ భరోసా కూడా లేదు.

పూర్తి మత్తుకు బదులు వెన్నులో మత్తు ఇస్తే గండం గడుస్తుందనుకున్నారు. ఈ రెండింటినీ పోల్చి 722 మంది శిశువులపై జరిగిన గ్యాస్ (GAS) అనే ట్రయల్‌లో, వెన్నులో మత్తు ఇచ్చినవారికి ఆపరేషన్ అయ్యాక మొదటి అరగంటలో ఊపిరి ఆగడం తగ్గింది, ఆ తర్వాత తేడా కనిపించలేదు. రాత్రంతా మానిటర్ మీద ఉంచక తప్పదు.

వెంటనే చేయాలనేవారి భయం పేగు ఇరుక్కోవడం గురించి. ఏడాదిలోపు పిల్లల్లో 14 రోజులకు మించి ఆగితే ఆ ముప్పు దాదాపు రెట్టింపని 2008లో కెనడా అధ్యయనం చెప్పింది. అయితే ఆ లెక్కలో నెలలు నిండిన పిల్లలూ ఉన్నారు.

రెండు కిలోల మగబిడ్డలో హెర్నియా సంచి, అంటే పేగు జారివచ్చే పొర, తడి కాగితంలా ఉంటుంది. దాన్ని వీర్యనాళం, రక్తనాళాల నుంచి విడదీసి, లోపలి రింగు (సంచి కడుపులోంచి బయటికొచ్చే చోటు) దగ్గర 4-0 కరిగే దారంతో కట్టాలి. విడదీసేటప్పుడు చిరుగు పైకి పాకితే ముడి చిరిగిన అంచు మీదే పడుతుంది, హెర్నియా తిరగబెడుతుంది. ఫోర్సెప్స్‌తో వీర్యనాళాన్ని నేరుగా పట్టుకుంటే అది నలుగుతుంది. రక్తనాళాలు దెబ్బతింటే వృషణం కుంచించుకుపోతుంది. కొన్ని నెలలు ఆగితే సంచి కాస్త గట్టిపడుతుంది, చేతికి పట్టు దొరుకుతుంది.

ఇక 2024 అధ్యయనం. అమెరికాలో 39 ఆసుపత్రులు, 338 మంది శిశువులు. ఇంటికి పంపేలోపే చేసినవారిలో 28 శాతం మందికి, 55 వారాలు దాటాక చేసినవారిలో 18 శాతం మందికి తీవ్ర సమస్యలు వచ్చాయి. 28 వారాలలోపు పుట్టినవారికి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి ఆగడం వల్ల మేలు మరింత ఎక్కువ. ఉబ్బు లోపలికి సులువుగా వెళ్తున్న బిడ్డ విషయంలో తొందరపడటానికి ఇప్పుడు గట్టి కారణం చూపడం కష్టం.

ఆగడమంటే వదిలేయడం కాదు. ఏడుపు ఆగాక మెత్తబడి లోపలికి పోయే ఉబ్బుకు, గట్టిపడి ఎర్రబారి కదలకుండా ఉండిపోయే ఉబ్బుకు తేడా తల్లిదండ్రులకు చేత్తో తాకించి చూపించాలి. రెండోది కనిపించినా, ఆకుపచ్చ వాంతి అయినా పాలు ఆపేసి అదే గంటలో ఆసుపత్రికి బయలుదేరాలి.