మునిగిన వరి ఎదగకూడదు

వంశధార పొంగితే గుణుపురం, కాశీనగరం వైపు ఏటి పక్క పల్లపు చేలు ముందు మునుగుతాయి. నీరు తీశాక అనుభవమున్న రైతు ఆకులను చూసి బెంబేలెత్తడు. బురద పట్టిన దుబ్బును మొదలు దగ్గర నొక్కి చూస్తాడు. గట్టిగా, తెల్లగా ఉంటే ఆశ ఉన్నట్టే. మెత్తబడి కంపు కొడితే మళ్లీ నారు వెతుక్కోవాల్సిందే.

ఆ మొదలులో మిగిలిన పిండిపదార్థమే కొత్త ఆకుకు పెట్టుబడి. వరి వేళ్లలో గాలి గదులుంటాయి కనుక మడిలో నీరు నిలిస్తే దానికి లెక్క లేదు. కందికి, మొక్కజొన్నకు ఆ సదుపాయం అంతగా లేదు. తలతో సహా మునిగితేనే వరికి చిక్కు. వాయువులు గాలిలో కన్నా నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతాయి. మొక్కలో పుట్టే ఇథిలీన్ అనే హార్మోన్ వాయువు బయటికి పోలేక లోపలే పేరుకుని, ఎదుగుదలను పెంచే జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్‌ను ఉసిగొల్పుతుంది. దాంతో మొక్క నీటిపైకి తేలాలని సాగుతుంది. నెలల తరబడి నీరుండే చోట లోతునీటి వరి బతికేది ఇలాగే. వారం పది రోజుల్లో తీసే వరదలో మాత్రం ఇది దండగ ఖర్చు. నిల్వ అడుగంటి, నీరు తీయగానే మొక్క చతికిలబడుతుంది.

ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపికైన ఎఫ్‌ఆర్‌13ఎ రకం దీనికి ఎదురుదారి పట్టింది. దానిలోని సబ్1ఎ జన్యువు సంగతి 2006లో బయటపడింది. ఇదీ ఇథిలీన్ పిలుపుతోనే మేల్కొంటుంది. కానీ జిబ్బరెల్లిన్‌కు పగ్గాలు వేసే ప్రోటీన్లను పెంచి ఎదుగుదలను ఆపేస్తుంది. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకానికి, అంటే మన 7029కి, సంకరంతోనే ఈ జన్యువును చేర్చారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. 2009లో విడుదలైన స్వర్ణ సబ్1 దాదాపు రెండు వారాల మునకను తట్టుకుంటుంది.

దీన్ని 'వరదను తట్టుకునే విత్తనం' అని ఊరికే చెప్పి అమ్మడం నాకు నచ్చదు. పూత దశలో మునిగితే ఈ జన్యువు ఆదుకోదు. నడుములోతు నీరు నెలల పాటు కదలకపోతే, ఎదగకపోవడమే మొక్కకు చేటు. వెదజల్లిన గింజ మొలవకముందే మునిగితే అసలు పని వేరు: పిండిని త్వరగా చక్కెరగా మార్చుకుని మొలక పైకి రావాలి. అందుకు తోడ్పడే టీపీపీ7 అనే మరో జన్యువును మయన్మార్ వరిలో గుర్తించారు.