చుట్ట మానితే వచ్చిన జబ్బు, పొగతో ముదిరిన జబ్బు

పర్లాకిమిడిలో మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో ఒక మాట చాలా ఏళ్ళుగా తిరుగుతోంది. "అలవాటైన చుట్ట మానేస్తే పేగులు చెడిపోతాయి" అని. ఆ మాట పుట్టింది మా మేనమామ వల్ల. ముప్ఫై ఏళ్ళు చుట్ట కాల్చినవాడు, ఆయాసం వస్తోందని డాక్టరు గట్టిగా మందలిస్తే ఒక్కరోజులో మానేశాడు. ఏడాదిన్నర తిరక్కుండానే విరేచనాలు పట్టుకున్నాయి. మొదట జిగట, తర్వాత రక్తం. రోజుకి పదిసార్లు, రాత్రి నిద్రలోంచి లేచి పరుగు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే తీర్పు: "ఒంటికి అలవాటు పడ్డదాన్ని ఒక్కసారిగా మానేస్తే ఇలాగే అవుతుంది మరి." మావయ్య మళ్ళీ ముట్టించాడు. కొన్ని వారాలకి రక్తం తగ్గింది కూడా. ఇంకేం, వీధంతా నమ్మింది.

నాలుగిళ్ళ అవతల ఉండే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు కూడా ఆ మాట విన్నాడు. వాడికీ విరేచనాలే, కానీ రక్తం లేదు. పొత్తికడుపులో కుడివైపు మెలిపెట్టే నొప్పి, సాయంత్రమైతే జ్వరం, ఆరు నెలల్లో పది కిలోలు తగ్గిపోయాడు. సిగరెట్లు మానమని వాళ్ళమ్మ పోరుతుంటే "మామకి చుట్టతోనే తగ్గింది కదే అమ్మా" అనేవాడు.

మావయ్యది అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు, ఆ కుర్రాడిది క్రోన్స్ అనే ఇంకో జబ్బు. రెండింటినీ పేగుపూత అనే అంటారు. కానీ పొగ మొదటిదానిలో ఒకలా, రెండోదానిలో సరిగ్గా దానికి ఎదురుగా పనిచేస్తుంది. ఈ తేడా వైద్యులకే 1980ల దాకా సరిగ్గా తెలియదు కాబట్టి మా వీధివాళ్ళని నేను తప్పుపట్టను. తెలియనందుకు ఆ కుర్రాడు చెల్లించుకున్న మూల్యం మాత్రం చాలా పెద్దది.

ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పొగ కథ పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. గీత గీసినంత మాత్రాన అలవాట్లు విడిపోవు కదా. అటూ ఇటూ అదే చుట్ట, ఒడియావాళ్ళు పికా అంటారు. ఇక్కడి ఆడవాళ్ళ అడ్డపొగ వైద్య పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. మా అమ్మమ్మ అలాగే కాల్చేది. చుట్ట నోట్లో ఉండగానే చేటతో బియ్యం చెరిగేది. మధ్యలో పక్కకి తిరిగి బూడిద ఉమ్మేసి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టేది. ఆవిడ పకపకా నవ్వినప్పుడు అంగిలి కనబడేది: గోధుమరంగు మీద తెల్లటి మందపు మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు. దేశంలోని పల్లెల్లో 50,915 మంది నోళ్ళు పరీక్షించి 1969లో ప్రచురించిన పెద్ద సర్వేకి ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న ముడి అలాంటి పరిశీలనలతో రుజువైంది. పొగాకు అంటే నోరు, ఊపిరితిత్తులు, గుండె. అంతవరకు ఊళ్ళో అందరికీ తెలుసు. పేగుల దాకా ఎవరి ఆలోచనా పోలేదు.

అసలు ఈ పేగు జబ్బులకి పేర్లు రావడానికే చాలా కాలం పట్టింది. 1859లో లండన్‌లో శామ్యూల్ విల్క్స్ అనే వైద్యుడు, విరేచనాలతో చనిపోయిన ఒక స్త్రీ పేగుని పరీక్షించి, ఇది మామూలు జిగట విరేచనాల జబ్బు కాదని రాశాడు. అల్సరేటివ్ కొలైటిస్ చరిత్ర అక్కడ మొదలైందంటారు. విచిత్రం ఏమిటంటే, తర్వాతి కాలం వైద్యులు ఆ వర్ణన మళ్ళీ చదివి, ఆవిడది క్రోన్స్ అయి ఉండొచ్చన్నారు. అంటే ఈ రెండు జబ్బులనీ ఒకటిగా కలిపేయడం మొదటి రోగితోనే మొదలైంది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు 14 మంది రోగుల వివరాలతో చిన్నపేగు చివర వచ్చే జబ్బుని వర్ణించారు. అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందుంది, జబ్బుకి అదే నిలిచిపోయింది.

అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, లోపలి పొర మాత్రమే పుండ్లు పడుతుంది. అందుకే రక్తం కనబడుతుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావొచ్చు. పేగు గోడ మందమంతా తినేస్తుంది. పేగు ఇరుకైపోతుంది, ఒక్కోసారి చిల్లులు పడి పక్క భాగాల్లోకి దారులు ఏర్పడతాయి.

పొగ సంగతి బయటపడింది 1982లో, వేల్స్‌లోని కార్డిఫ్‌లో. హారీస్, బెయిర్డ్, రోడ్స్ అనే వైద్యులు తమ రోగుల పొగ అలవాట్లని లెక్కవేశారు. అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో పొగతాగేవాళ్ళు 8 శాతమే. పోలిక కోసం తీసుకున్న మామూలు జనంలో 44 శాతం. క్రోన్స్ రోగుల్లో 42 శాతం. అంత తేడా యాదృచ్ఛికం కాదు. వెంటనే వేరే దేశాల్లోనూ చూశారు, అలాగే తేలింది. 1984లో బ్రిటన్ పరిశోధకులే రెండో సగం కూడా బయటపెట్టారు: క్రోన్స్‌కి పొగ ఆజ్యం పోస్తుందని. 1989లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, పొగతాగేవారిలో అల్సరేటివ్ కొలైటిస్ అవకాశం తాగనివారితో పోలిస్తే 0.41 వంతు, క్రోన్స్ అవకాశం రెండింతలు అని తేలింది. మావయ్యకి సంబంధించిన అంకె కూడా అందులోనే ఉంది. తాగి మానేసినవాళ్ళలో అల్సరేటివ్ కొలైటిస్ అవకాశం 1.64 రెట్లు. మానేసిన తొలి కొన్నేళ్ళలోనే అది ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి.

కాబట్టి వీధిలో తిరిగిన మాట గాలికబురు కాదు. అందులో నిజం ఉంది. అందుకే అది అంత గట్టిగా పాతుకుపోయింది, అందుకే నాకు అంత భయం.

ఎంత నిజమో కూడా చూడాలి. 2003లో ప్రచురించిన లూధియానా వైద్యుల సర్వేలో, పంజాబ్‌లో లక్షమందికి 44 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులు కనబడ్డారు. 1.64 రెట్లంటే ఉజ్జాయింపుగా లక్షకి 70 మంది చిల్లర. పొగాకు వాడేవాళ్ళలో సగం మంది దాకా ఆ పొగాకు వల్లే పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షకి పాతిక ముప్ఫై మంది ఒకపక్క, సగం మంది ఒకపక్క.

పొగలో ఏదో మేలు చేస్తోందంటే, ఆ ఒక్కదాన్నే మందుగా ఇస్తే పోలా? వైద్యులూ అలాగే అనుకున్నారు. 1994లో కార్డిఫ్ బృందమే 72 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులకి ఆరు వారాలు చర్మానికి అంటించే పట్టీలు ఇచ్చింది. నికోటిన్ ఉన్న పట్టీలు పెట్టుకున్న 35 మందిలో 17 మందికి జబ్బు పూర్తిగా అణిగింది. ఉత్తుత్తి పట్టీలు పెట్టుకున్న 37 మందిలో 9 మందికి. ఆశ పుట్టింది. మరుసటి ఏడాదే ఇంకో పరీక్ష చేశారు: అణిగిన జబ్బుని తిరగబెట్టకుండా నికోటిన్ ఆపగలదా అని. ఆపలేదు. వికారం, తల తిరుగుడు లాంటి ఇబ్బందులు సరేసరి. అప్పటికే పేగు మంట తగ్గించే మెసలమైన్ లాంటి మందులు వాడుకలో ఉన్నాయి, ఆ తర్వాత బయలాజిక్స్ అనే ఇంజెక్షన్లు వచ్చాయి. నికోటిన్ వెనకబడిపోయింది. అందుకే ఏ వైద్యుడూ "మళ్ళీ చుట్ట మొదలుపెట్టు" అని రాసివ్వడు.

క్రోన్స్ వచ్చాక పొగ చేసే చెడు విషయంలో అనుమానానికి చోటే లేదు. పొగతాగే క్రోన్స్ రోగులకి జబ్బు తరచూ తిరగబెడుతుంది, మందుల మోతాదు పెరుగుతుంది, ఆపరేషన్ అయ్యాక కూడా కుట్టిన చోటే మళ్ళీ వస్తుంది. 2001లో ఫ్రాన్స్‌లో కోన్ అనే వైద్యుడి బృందం పొగ మానేసిన క్రోన్స్ రోగుల్ని వెంటాడి చూసింది. ఏడాది పైన మానేసి ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టే అవకాశం అసలు తాగనివారి స్థాయికి దిగింది. ఒక అలవాటు మానడం ఒక ఖరీదైన మందంత పని చేయడం వైద్యంలో అరుదు. రూపాయి ఖర్చు లేదు.

ఒకే పొగ రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తుందన్నదానికి పేగు జిగురుపొర, రక్తప్రసరణ, రోగనిరోధక కణాలు అంటూ చాలా వివరణలు వచ్చాయి. 2025లో జపాన్ రికెన్ సంస్థ పరిశోధకులు నాకు బాగా గుర్తుండిపోయిన మాట చెప్పారు. పొగలోంచి వచ్చే కొన్ని రసాయనాల వల్ల, నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా పెద్దపేగు గోడమీద కాపురం పెడుతుందట. అది రేపే ఒకరకం రోగనిరోధక స్పందన అల్సరేటివ్ కొలైటిస్ మంటని అణచడానికి, క్రోన్స్ మంటని ఎగదోయడానికి పనికొస్తుందట. అది చదివినప్పుడు మా అమ్మమ్మ అంగిలి గుర్తొచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పైన చెప్పిన లెక్కల్లో ఎక్కువ భాగం సిగరెట్లవి, పాశ్చాత్య దేశాలవి. ఆసియా దేశాల అధ్యయనాల్లో క్రోన్స్‌కీ పొగకీ ముడి అంత గట్టిగా కనబడలేదు. మానేసినవాళ్ళకి అల్సరేటివ్ కొలైటిస్ ముప్పు మాత్రం ఇక్కడా కనబడింది. ఒడిశాలో పొగాకు కూడా ఎక్కువగా నోట్లోనే ఉంటుంది. 2016-17 జాతీయ సర్వేలో రాష్ట్రంలోని పెద్దవాళ్ళలో 45 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుంటే, పొగతాగేవాళ్ళు 7 శాతమే. మిగతాది ఖైనీ, గుట్కా, పళ్ళకి రుద్దే గుడాఖు. స్వీడన్‌లో నోట్లో పెట్టుకునే పొగాకు వాడేవాళ్ళని చూస్తే, దానికి ఈ రెండు పేగు జబ్బులతోనూ ముడి కనబడలేదు. అంటే చుట్ట బదులు గుడాఖు పట్టుకున్నవాడికి పేగు విషయంలో ఒరిగేదేం లేదు, నోటి క్యాన్సర్ భయం మాత్రం అలాగే ఉంటుంది.

కానీ మా వైపు అసలు సమస్య లెక్కల కన్నా ముందే మొదలవుతుంది. జబ్బు పేరు తెలియదు. ఆ కుర్రాడి ప్లాస్టిక్ కవరు నేనే విప్పి చూశాను. అడుగున మలపరీక్ష కాగితాలు, అమీబా అని. దానిమీద అమీబాకి వాడే మెట్రోనిడజోల్ మందు చీటీలు నాలుగు, నాలుగు వేర్వేరు చేతిరాతలు. ఆపైన మొలలకి ఆయుర్వేదం చూర్ణం రసీదు. ఆపైన స్కానింగు, "చిన్నపేగు చివర గోడ మందంగా ఉంది". ఆపైన తొమ్మిది నెలల టీబీ మందుల కార్డు. డాక్టర్ని నిందించలేను. పేగు టీబీ, క్రోన్స్ రెండూ చిన్నపేగు చివరనే ఇష్టపడతాయి, స్కానింగులో కవలల్లా ఉంటాయి. మనలాంటి టీబీ దేశంలో ముందు టీబీ మందులు వాడి చూడటం ఎక్కడైనా జరిగేదే. పైగా పొగతాగేవాళ్ళకి టీబీ ముప్పు కూడా ఎక్కువ. జరగాల్సిందల్లా, రెండు మూడు నెలలకి మళ్ళీ కొలనోస్కోపీ చేసి, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి, పుండ్లు మానుతున్నాయా లేదా చూడటం. దానికి విశాఖపట్నం వెళ్ళాలి, కూలి పోతుంది, ఇద్దరు మనుషులు కావాలి. వాళ్ళు వెళ్ళలేదు. వాడు సిగరెట్లు మానలేదు. పదో నెలలో పేగు మూసుకుపోయి, వాంతులతో అర్ధరాత్రి తీసుకెళ్తే ఆపరేషన్ చేసి ఇరుకైన ముక్క కోసేశారు. బయాప్సీలో క్రోన్స్ అని వచ్చింది.

ఇది పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అనే అపోహ కూడా ఆలస్యానికి కారణం. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు 2020-22 మధ్య కడుపు బాధలతో వచ్చిన 30 వేల మందికి పైగా రోగుల్ని పరీక్షిస్తే, సుమారు 5 శాతం మందిలో పేగుపూత ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకీ, పట్నంవాళ్ళకీ పెద్ద తేడా లేదు.

మావయ్యకీ చుట్ట ఎంతోకాలం కాపు కాయలేదు. మళ్ళీ ముట్టించిన ఆరో నెలలో రక్తం తిరగబెట్టింది, ఆయాసం ముందుకన్నా ముదిరింది. చివరికి కొలనోస్కోపీ చేయిస్తే అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. డాక్టరు గారు ఆయన చుట్ట కథంతా ఓపిగ్గా విన్నారు. "మీరు చెప్పింది నిజమే అయ్యా, మానేశాక ఇది కొందరికి వస్తుంది. కానీ దీనికి నా దగ్గర మాత్రలున్నాయి, మీ ఊపిరితిత్తులకి లేవు" అన్నారు. ఆ మాటకే మావయ్య రెండోసారి మానేశాడు. మెసలమైన్ మాత్రలు, తిరగబెడితే కొన్నాళ్ళు స్టెరాయిడ్, ఏడాదికోసారి పరీక్ష.

ఆ కుర్రాడు ఆపరేషన్ తర్వాత సిగరెట్ ముట్టలేదు, ఏడాదిన్నర అయింది. మూణ్ణెల్లకోసారి తెల్లవారుజామునే బయల్దేరి విశాఖ వెళ్ళొస్తాడు. పోయిన నెల మా అరుగుమీద కూర్చుని కొత్త రిపోర్టు మావయ్య చేతిలో పెట్టాడు. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ జబ్బు పేరు పైకి చదివాడు. "నీది ఇది రా. నాది కాదు" అన్నాడు.