బ్యాంజో శ్రుతిలో నిలవదా? అపోహలు - వాస్తవాలు

బ్యాంజో అంటే గుండ్రని చట్రం మీద డప్పులా పొర బిగించిన, పొడవాటి మెడ గల ఐదు తీగల అమెరికన్ వాద్యం. దాన్ని వాయించేవాడు సగం జీవితం శ్రుతి చేసుకుంటూ, మిగతా సగం అపశ్రుతిలో వాయిస్తూ గడుపుతాడన్నది అమెరికా సంగీతకారుల నోళ్లలో తరతరాలుగా నానుతున్న హాస్యోక్తి. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లుగా బ్యాంజోలు బాగు చేస్తూ, నేర్పుతూ ఉన్న నేను ఈ మాటను వేదికల మీద విని హాయిగా నవ్వుతాను. అదే మాటను నిజమని నమ్మి వాద్యాన్ని అటకెక్కించినవారు నా దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం నవ్వలేను. అలాంటివారు నెలకొకరైనా వస్తారు.

మొన్న వేసవిలో మా రాష్ట్రంలోని కేరీ పట్టణం నుంచి ఒక తెలుగు యువకుడు బ్యాంజో పెట్టెను బల్ల మీద పెట్టి, "అన్నా, ఎనిమిది నెలల నుంచి తంటాలు పడుతున్నాను. ఖాళీ తీగలు బాగానే పలుకుతాయి, వేలు పెడితే చాలు అపస్వరం. కొన్నచోట అడిగితే బ్యాంజో అంటే అంతేనని నవ్వేశారు. నాకే స్వరజ్ఞానం లేదేమో" అన్నాడు. చిన్నప్పుడు ఐదేళ్లు గాత్రం నేర్చుకున్న మనిషి తన చెవిని తానే అనుమానించే స్థితికి వచ్చాడు. వాద్యాన్ని దీపం కిందకు తీసుకుని చూస్తే తెల్లటి హెడ్ (చట్రం మీద బిగించిన పొర) మీద బ్రిడ్జ్ (తీగలను మోసే చిన్న చెక్కముక్క) మూడు కాళ్ల పాత గుర్తులు స్పష్టంగా కనిపించాయి. బ్రిడ్జ్ మాత్రం ఆ గుర్తుల మీద లేదు, దాదాపు అర సెంటీమీటరు మెడ వైపు జరిగి ఉంది. తీగలు మార్చేటప్పుడు ఐదింటినీ ఒకేసారి విప్పేశాడు, బ్రిడ్జ్ ఊడి పడింది, మళ్లీ కంటి అంచనాతో నిలబెట్టాడు. జరిగింది అంతే.

గిటార్ బ్రిడ్జ్ చెక్కకు అతికించి ఉంటుంది. బ్యాంజో బ్రిడ్జ్‌ను పట్టి ఉంచేది తీగల ఒత్తిడి ఒక్కటే. మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు (మెడ మీది లోహపు మెట్టుకు) ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కు కూడా ఇంచుమించు అంతే దూరం ఉండాలి. ముందు కొలిచి నిలబెట్టి, తరువాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు తాకి మీటిన హార్మోనిక్‌ను, అదే చోట నొక్కి మీటిన స్వరంతో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్‌ను టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు కట్టే భాగం) వైపు, తగ్గుగా ఉంటే మెడ వైపు వెంట్రుకవాసి చొప్పున జరపాలి. ఆ యువకుడి వాద్యానికి పావుగంట కూడా పట్టలేదు. ఈ పావుగంట పని తెలియకనే కొందరు వందల డాలర్లు పోసి మరో బ్యాంజో కొంటారు, కొందరు సంగీతాన్నే మానుకుంటారు. తీగలు ఒక్కొక్కటిగా మార్చండి, బ్రిడ్జ్ కాళ్ల దగ్గర పెన్సిల్‌తో సన్నని గుర్తు పెట్టుకోండి.

బ్రిడ్జ్ సరిగ్గా ఉన్నా శ్రుతి తప్పుతుంటే హెడ్ వదులైందేమో చూడాలి. దూడ తోలు హెడ్ అయితే గాలిలో తేమ మారినప్పుడల్లా సాగుతుంది, బిగుస్తుంది. మృదంగ విద్వాంసుడు కచేరీ మధ్యలో రాయితో మూత సరిచేసుకుంటే అది వాద్యధర్మమని గౌరవిస్తాం కదా, తోలు బ్యాంజోకూ అదే గౌరవం దక్కాలి. నేటి బ్యాంజోలలో అధికశాతం ప్లాస్టిక్ హెడ్‌వే కనుక వాటికి ఆ బాధ చాలా తక్కువ. ఇక బ్యాంజో తీగలు సన్నవి, గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది. వీణ మీద గమకం పలికించిన వేళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

అలాగని ఈ హాస్యోక్తులను నేను ద్వేషించను. కారు అద్దం దించి బ్యాంజోను వదిలి వెళితే, తిరిగి వచ్చేసరికి లోపల రెండు బ్యాంజోలు ఉన్నాయన్న కథను నాకు మొదట చెప్పింది ఒక పెద్ద బ్యాంజో వాద్యకారుడే. పాటకూ పాటకూ మధ్య శ్రుతి మార్చుకునే ఆ అర నిమిషంలో సభను కూర్చోబెట్టడానికి ఇలాంటివి పనికివస్తాయి. ఆర్కెస్ట్రాలలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయించేవారి మీదా ఇటువంటివే చెప్పుకుంటారు. ఇది తోటివారి చనువు.

దానికి పూర్తిగా వేరైన నవ్వు మరొకటి ఉంది, దాన్ని నేను క్షమించలేను. బ్యాంజో తెల్లవారి కొండపల్లెల వాద్యమనీ, 19వ శతాబ్దపు వర్జీనియా వాద్యకారుడు జోయెల్ స్వీనీ దాని ఐదో తీగను కనిపెట్టాడనీ ఇప్పటికీ చెబుతారు. అది తప్పు. సొరబుర్ర మీద తోలు బిగించి, పక్కన పొట్టి తీగ పెట్టే పద్ధతి పశ్చిమ ఆఫ్రికాది. సెనెగల్, గాంబియా ప్రాంతాల జోలా ప్రజల అకాంటింగ్‌లో దాన్ని నేటికీ చూడవచ్చు. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్లు కరీబియన్ దీవులలో, అమెరికాలో ఆ జ్ఞాపకంతోనే బ్యాంజోను తయారు చేసుకున్నారు. 1840ల నుంచి తెల్ల నటులు ముఖాలకు మసి పూసుకుని, ఆ వాద్యాన్నే చేతపట్టి, దాన్ని సృష్టించినవారినే వెక్కిరిస్తూ వేదికలెక్కారు. ఆ అవమానం కూడా తోడై నల్లజాతివారి ఇళ్ల నుంచి బ్యాంజో క్రమంగా దూరమైంది. 2005లో మా రాష్ట్రంలోని బూన్ పట్టణంలో జరిగిన బ్లాక్ బ్యాంజో గ్యాదరింగ్ (నల్లజాతి బ్యాంజో సంప్రదాయానికి సంబంధించిన సమావేశం) తరువాత రియానన్ గిడెన్స్ వంటి నల్లజాతి వాద్యకారులు దాన్ని మళ్లీ తమదిగా చేతుల్లోకి తీసుకున్నారు.

బ్యాంజోకు సంతోషం తప్ప మరొకటి పలకదనేవారు శ్రుతి మార్చి వినాలి. పాశ్చాత్య స్వరం జిని షడ్జంగా తీసుకునే సాధారణ శ్రుతిలో పొట్టి తీగ తారషడ్జం, మిగతా నాలుగూ వరుసగా మంద్ర పంచమం, షడ్జం, అంతర గాంధారం, పంచమం. అందులో గాంధారాన్ని ఒక్క మెట్టు పెంచి శుద్ధ మధ్యమం చేస్తే, తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండలలో సామిల్ అని పిలిచే శ్రుతి వస్తుంది. ఆ శ్రుతిలో మా అమ్మకు ఒక పాత కొండపాట వినిపించినప్పుడు, "ఎవరో పోయినట్టుంది నాన్నా" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

వేగమే బ్యాంజో అన్నది మరో అపోహ. స్వరం మీటిన వెంటనే ఆరిపోతుంది కనుక ఆ ఖాళీని నింపవలసి వస్తుంది. 1945 చివరలో గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన బ్యాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో దాన్ని నింపిన తీరు ప్రపంచాన్ని కట్టిపడేసింది. ఆ శైలిలోని ఒక ముఖ్యమైన రోల్‌లో (వేళ్లు వరుసగా మీటే అల్లికలో) ఎనిమిది మాత్రలు మూడు, మూడు, రెండుగా విడిపోతాయి. నేను నేర్పేటప్పుడు "తకిట తకిట తక" అని నోటితో చెప్పిస్తాను. తాళం తెలిసిన మన పిల్లలకు రెండో పాఠంలోనే అది పట్టుబడుతుంది. మన సంగీతంతో ఈ వాద్యం కలవదనేవారు అమెరికన్ వాద్యకారుడు బేలా ఫ్లెక్ బ్యాంజోను జాకీర్ హుస్సేన్ తబలాతో, రాకేశ్ చౌరాసియా వేణువుతో కలిపి వినాలి. ఎడ్గార్ మేయర్ డబుల్ బేస్ కూడా తోడైన ఆ బృందానికి 2024లో రెండు గ్రామీ పురస్కారాలు వచ్చాయి.

చివరగా, ఇండియా నుంచి ఫోన్ చేసి అడిగేవారికి ఒక మాట. మీటలు నొక్కి వాయించే, మన దేశంలో బ్యాంజో అని పిలిచే ఆ పెట్టె వాద్యం బుల్‌బుల్ తరంగ్. అది జపాన్‌లో పుట్టిన తైషోగోతో సంతతికి చెందింది. దాని తీగలు ఈ బ్యాంజోకు సరిపోవు, దయచేసి తెప్పించుకోకండి.