సెంటర్ డిఫ్ లాక్: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు వానాకాలంలోనూ, డిసెంబరు చివర్లోనూ ఎక్కువగా వస్తాయి. వానలకు పాడేరు వైపు బురద, చలికి లంబసింగి, వంజంగి టూర్లు. సెంటర్ డిఫ్ అంటే సెంటర్ డిఫరెన్షియల్, ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక. దాన్ని బిగించేసేదే లాక్. బండి దిగగానే ఓనర్లు అనే మాట ఇంచుమించు ఒకటే: "లాక్ వేశానండీ, అయినా ఇలా అయింది." వేయడం వల్లే అలా అయిందంటే ముఖం అదోలా పెడతారు.

అపోహ: లాక్ వేస్తే బండికి బలం పెరుగుతుంది

పెరగదు. ఇంజిన్ ఇచ్చేది ఇచ్చినంతే. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (బలాన్ని చక్రాల వైపు మోసే పొడవాటి కడ్డీ), వెనక ప్రొపెల్లర్ షాఫ్టు వేర్వేరు వేగాలతో తిరిగే వీలు తీసేయడం ఒక్కటే లాక్ చేసే పని.

ఆ వీలు ఎందుకు పెట్టారో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఫార్చ్యూనర్ సైజు బండిని స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఒక రౌండు కొట్టించండి. బయటివైపు ముందు టైరు దాదాపు 36 మీటర్లు దొర్లుతుంది. దాని వెనకున్న టైరు లోపలికి కోసుకుంటూ పోతుంది కాబట్టి 32 మీటర్లే. ఆ నాలుగు మీటర్ల తేడాను మింగేది సెంటర్ డిఫరెన్షియల్. లాక్ వేస్తే మింగేవాడు లేడు. ఇసుకలోనో బురదలోనో అయితే టైరు కాస్త జారి తేడా సర్దేస్తుంది. పొడి తారు మీద అంత తేలిగ్గా జారదు. అప్పుడా తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలికగా పేరుకుంటుంది, తడి బట్టను పిండినట్టు.

పోయిన వానల్లో ఒకాయన అరకు నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చారు. పాత మోడల్, సెంటర్ లాక్ ఉన్న బండి. అనంతగిరి దగ్గర వాన పట్టుకుంటే భయమేసి లాక్ వేశారట, ఘాట్ మలుపులన్నీ అలాగే దిగారట. స్టీరింగ్ బరువెక్కింది, మలుపు తిరిగినప్పుడల్లా బండి ఎగిరెగిరి పడింది. కిందికొచ్చి లాక్ తీస్తే డాష్‌బోర్డు మీద లైటు ఆరలేదు. "సెన్సర్ పోయినట్టుంది, ఎంతవుతుందండీ?" అన్నారు. షెడ్డు ముందే పది మీటర్లు రివర్స్ చేయమన్నాను, స్టీరింగ్ కాస్త అటూ ఇటూ ఆడించమన్నాను. కింద నుంచి టక్‌మని శబ్దం. లైటు ఆరింది. మెలిక వదిలేసరికి లాక్‌ను పట్టి ఉంచే స్లీవు పళ్లు జారి బయటికొచ్చాయి, అంతే. డబ్బులు తీసుకోలేదు గానీ టీ మాత్రం ఆయనే తెప్పించారు.

తడి తారు జారుడు రోడ్డే కదా అని ఆయన వాదన. తడిసినా తారుకు పట్టు బాగానే ఉంటుంది, మెలిక పడటానికి అది చాలు. పైగా ఫుల్ టైమ్ ఫోర్ వీల్ బండిలో లాక్ లేకపోయినా నాలుగు చక్రాలకూ డ్రైవ్ అందుతూనే ఉంటుంది. కొన్ని బండ్లలో లాక్ వేయగానే స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి పక్కకు జారిపోకుండా తనే బ్రేకులు వేసి నిలిపే ఏర్పాటు, ఆగిపోతుంది. వానలో ఘాట్ దిగుతూ మీకు కావాల్సిందే అది.

అపోహ: లాక్ వేశాక ఇక ఇరుక్కోం

కావిడి తెలుసు కదా. ఒకవైపు కుండ ఖాళీ అయితే రెండోవైపు బరువు నిలవదు. మామూలు డిఫరెన్షియల్ కూడా అంతే, పట్టు లేని వైపు ఎంత తక్కువ బలం నిలుస్తుందో రెండోవైపూ అంతే అందుతుంది. అందుకే లాక్ లేనప్పుడు ఒక్క చక్రం గాల్లో తిరిగినా బండి మొత్తం ఆగిపోవచ్చు. సెంటర్ లాక్ వేస్తే ముందూ వెనకా ఒకటవుతాయి. కానీ ముందు యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాలను తిప్పే ఇరుసు) లోపల, వెనక యాక్సిల్ లోపల కావిళ్లు అలాగే ఉన్నాయి. ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు ఒకేసారి పట్టు కోల్పోతే ఆ రెండూ గిర్రున తిరుగుతాయి, మిగతా రెండూ చూస్తూ కూర్చుంటాయి. యారాడ వైపు ఇసుకలో నేను లాగిన బండ్లలో సగం ఇలా మూలమూలకు ఇరుక్కున్నవే.

ఇంకోటి, చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు లాక్ వేయకండి. పళ్లు అరిగిపోతాయి. ఇసుకలోకి దిగకముందే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు వేయాలి.

అపోహ: లాక్ అంటే ముందుకు 50, వెనక్కి 50

సమానమయ్యేది తిరిగే వేగం, బలం కాదు. ముందు చక్రాలు రెండూ నూనె మీద ఉంటే లాగే బలమంతా వెనక నుంచే వస్తుంది.

అపోహ: నా థార్‌లోనూ సెంటర్ లాక్ ఉంది

లేదు. థార్‌లో, జిమ్నీలో, ఇప్పటి ఫార్చ్యూనర్‌లో అసలు సెంటర్ డిఫరెన్షియలే లేదు. ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలూ లాగే హై గేరు) వేస్తే ముందూ వెనకా నేరుగా కలిసిపోతాయి, అంటే ఎప్పుడూ లాక్‌లో ఉన్నట్టే. పొడి తారు మీద వేయకూడదనేది అందుకే. థార్ కొన్ని వేరియంట్లలో ఉండేది వెనక యాక్సిల్ లాక్, అది వేరే వస్తువు. సెంటర్ లాక్ చూడాలంటే ప్రాడో చూడండి, లేదా పాత గ్రాండ్ విటారా. 2022లో వచ్చింది కాదు, అంతకుముందు దిగుమతైనది. దాని నాబ్ మీదే ఫోర్ హెచ్, ఫోర్ హెచ్ లాక్ అని విడివిడిగా ఉంటాయి.

అపోహ: ముందు రెండు టైర్లు మారిస్తే చాలు

ఈ బండ్లకు నేను ఒప్పుకోను, కస్టమర్ అలిగినా సరే. 265/65 ఆర్ 17 టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. కొత్తది కిలోమీటరుకు 410 చుట్లు తిరిగితే పాతది 415. తిన్నగా పోతున్నా సెంటర్ డిఫ్‌కు తీరిక ఉండదు. లాక్ వేస్తే తిన్నని రోడ్డు మీదే మెలిక పడుతుంది.

అపోహ: వాడకుండా ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది

సముద్రం పక్కన ఊరు మనది. ఉప్పుగాలికి యాక్చుయేటర్ (లాక్‌ను కదిపే భాగం), లింకులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నెలకోసారి తడి మట్టి రోడ్డు మీదో ఇసుక ఉన్నచోటో లాక్ వేసి కొంతదూరం తిన్నగా నడిపి తీసేయండి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ నుంచి ఒక బండి వచ్చింది, ఆరేళ్లలో ఒక్కసారీ లాక్ వేయలేదని ఓనరు గర్వంగా చెప్పారు. యాక్చుయేటర్ విప్పితే లోపల గేరు తుప్పులో కూరుకుపోయి, సుత్తి దెబ్బకు కూడా కదల్లేదు.