కేబీఆర్ కంచె బయట నాలుగంగలు

ఉదయం ఆరింటికి హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయటి వాక్‌వేలో నడుస్తుంటే కంచె లోపల నెమలి అరుస్తుంది, కంచె బయట క్యాబ్ హారన్ కొడుతుంది. ఆ రెంటి మధ్యా ఉన్నది మనం నడిచే బాట ఒక్కటే. పదేళ్లుగా ఫ్లైఓవర్ల గొడవంతా ఈ బాట చుట్టూ, దాని మీద నీడ పరిచే చెట్ల చుట్టూ తిరుగుతోంది. లోపలి అడవి జోలికి ఎవరూ వెళ్లడం లేదు. అసలు తగాదా అంచు దగ్గర. అంచే ఎందుకు అయ్యిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇది మొదట పార్కు కాదు, ఒకరి ఇంటి పెరడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో చనిపోయాక ఆయన వారసుడైంది కొడుకు కాదు, మనవడు ముకరం జా. ఆయన చిరాన్ ప్యాలెస్, దాని చుట్టూ ఉన్న గుట్టలూ బండరాళ్లే ఈ అడవి. మోర్ బంగ్లా, గోల్ బంగ్లా, గుర్రపు సాలలు, కార్ల కోసం మోటార్‌ఖానా, ఆఖరికి సొంత పెట్రోలు పంపు కూడా ఉండేవి. ముకరం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. ఆయన లేని ఆ ఏళ్లలోనే చుట్టూ ఉన్న జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ గుట్టలను పిండి చేసి జనం ఇళ్లు కట్టుకున్నారు. ప్యాలెస్ పెరట్లో మాత్రం రాయి రాయిగానే మిగిలింది, పొద పొదగానే పెరిగింది.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 350 ఎకరాలు. అడవి లెక్కలో ఇది చిన్న ముక్క, హైదరాబాద్ నడిబొడ్డున భూమి ధర లెక్కలో మాత్రం ఊహకందనంత. మునిసిపల్ పార్కుగా వదిలేయకుండా జాతీయ పార్కు ముద్ర ఎందుకు వేశారంటే, నా ఉద్దేశంలో దానికి జవాబు ఆ ధరలోనే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పదు. తెలంగాణలో ఉన్న మూడు జాతీయ పార్కులూ, అంటే ఇదీ, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, మహానగరాన్ని ఆనుకునే ఉండటం కాకతాళీయం అనుకోలేను.

పేరు సంగతి కూడా చెప్పాలి. కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి. 1969 తెలంగాణ ఉద్యమం తిరగబడింది ఆయన ప్రభుత్వం మీదే. రాష్ట్రం వచ్చాక కూడా ఆ పేరే నిలిచింది. నడిచేవాళ్లలో చాలామందికి ‘కేబీఆర్’ అనే మూడక్షరాలే తప్ప దాని వెనక మనిషి గుర్తుకు రాడు.

ఇక అసలు విషయం. చట్టం కాపలా కాసేది కంచె లోపల. బయట వాక్‌వే, దాన్ని ఆనుకుని రోడ్డు. నగర రోడ్ల విస్తరణ పథకం ఎస్‌ఆర్‌డీపీ పేరుతో 2016లో పార్కు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలని తలపెట్టినప్పుడు వెయ్యికి పైగా చెట్లకు గొడ్డలి ముప్పు వచ్చింది. వాకర్లు, పర్యావరణ కార్యకర్తలు చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ బెంచ్ స్టే ఇచ్చింది. ఇక్కడి పనులు ఆగాయి.

ట్రాఫిక్ మాత్రం ఆగలేదు. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరుచుకుంది. దానికి దారి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగానే, అది వచ్చి తగిలేది పార్కు అంచునే. మరుసటి నెలలోనే కేంద్రం పార్కు ఎకో సెన్సిటివ్ జోన్‌కు, అంటే కంచె బయట నిర్మాణాలను అదుపు చేసే పట్టీకి, తుది నోటిఫికేషన్ ఇచ్చింది. జోన్ వెడల్పు కొన్నిచోట్ల 29.8 మీటర్లు, కొన్నిచోట్ల కేవలం 3 మీటర్లు. రక్షిత అడవుల చుట్టూ కనీసం కిలోమీటరు ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్‌లో అన్నది, 2023 ఏప్రిల్‌లో తానే ఆ ఆదేశాన్ని సడలించింది. నగరం మధ్యలో కిలోమీటరు అడగడం అయ్యేపని కాదు, ఒప్పుకుంటాను. కానీ మూడు మీటర్లా?

2024 డిసెంబరులో హెచ్-సిటీ అనే కొత్త రోడ్ల పథకం పేరుతో కథ మళ్లీ మొదలైంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, ఫిల్మ్‌నగర్, అగ్రసేన్, క్యాన్సర్ ఆస్పత్రి, రోడ్ 45, పార్కు ప్రవేశద్వారం, ఇలా ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు. అప్పటి అంచనా సుమారు 826 కోట్లు. చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం అరగంట ఇరుక్కున్నవాడికి ఈ వంతెనలు అక్కర్లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ ఇరుక్కున్నవాళ్లలో తెల్లారితే ఇక్కడే నడిచేవాళ్లూ ఉన్నారు మరి.

మొన్న నాతోపాటు నడిచే రిటైర్డ్ పెద్దాయన ఒకరు ఈ మూడు మీటర్ల సంగతి విని ఆగిపోయారు. కంచెకు వీపు ఆనించి రోడ్డు వైపు అంగలు వేశారు. నాలుగో అంగకు నిలబడి, “ఇంతేనా?” అన్నారు.

“కొన్నిచోట్ల ఇంతే సార్.”

ఆయన ఇంకేం అనలేదు. చెప్పుల్లో దూరిన గులకరాయి దులుపుకుని, రెండో రౌండు మొదలుపెట్టారు.